ఎండు రొయ్యల అంచు

కుప్పంలో సరోజను మట్టి చేసి వచ్చిన మరునాడు పొద్దున్నే, అటకమీది ట్రంకు పెట్టె దింపించుకుని పాత డైరీలు బయటికి తీశాను. సరోజ మా చిన్నాయన కూతురు, నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. నాకు కావలసింది ఒకే ఒక్క పుట. సర్వే శాఖలో పొలాలు కొలుస్తూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, ఏ ఏడాది డైరీ ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. పుట దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. రైలెక్కిన వేళ ఉంది. రైలు ఎంతసేపు ఆలస్యమైందో ఉంది. ఎన్ని ఇడ్లీలు తిన్నామో కూడా ఉంది. ఆ కింద ఇలా ఉంది: 'సముద్రం చూశాము. రొయ్య నాలుగున్నర అంగుళాలు. చిన్నాయనకు తలనొప్పి.' అంతే. ఆ రోజు నా మూలంగా ఏం చెడిపోయిందో అందులో లేదు. దాన్ని రాయవలసిన వయసులో రాయలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మదనపల్లెలో మా ఇల్లు నీరుగట్టువారిపల్లె వైపు మగ్గాల సందులో ఉండేది. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద మా నాయన, ఇంకోదాని మీద కూలికి వచ్చిన మనిషి నేసేవాళ్ళు. తెల్లవారకముందే అవ్వ లేచి వాకిట్లో నీళ్ళు చల్లి, పొయ్యిమీద కాగు నిండా స్నానానికి నీళ్ళు పెట్టి, మగ్గాల గదిలో సాంబ్రాణి పొగ వేసేది. తడిపట్టు వాసన, గంజి వాసన, సాంబ్రాణి కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎవరి ఇంట్లో సాంబ్రాణి వేసినా నా చెవిలో మగ్గం చప్పుడు మొదలవుతుంది. చిన్నాయన పేరు గంగప్ప. ఆయన మగ్గం మీద కూర్చునేవాడు కాదు, చీరలకు బొమ్మ గీసేవాడు. అంచు మీద, కొంగు మీద ఏ బొమ్మ రావాలో గళ్ళ కాగితం మీద గడి గడికీ ఎర్రసిరా నింపి, ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, అట్టలన్నీ దారంతో వరసగా కుట్టి, మగ్గం నెత్తిన ఉండే జకార్డు పెట్టెకు తగిలించేవాడు. అట్ట మీద రంధ్రం ఉన్న చోట కింద పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క రంధ్రం తప్పు పడితే నెమలికి ముక్కు పోతుంది. చిన్నాయన కొట్టిన అట్టల్లో తప్పు రంధ్రం నేను చూడలేదు.

సందులో బొమ్మ గీసేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. అందరివీ మామిడిపిందెలు, నెమళ్ళు, హంసలు, రుద్రాక్షలు. చిన్నాయన మాత్రం సముద్రంలోని జీవాలను గీసేవాడు. ఎందుకని అడిగితే, మామిడిపిందెలు చెట్టు మీద ఉండేది చాలదా, చీరల మీద గూడా యాల అనేవాడు. మా ఊరికి ఏ దిక్కున చూసినా కొండలే. బావుల్లో నీళ్ళే ఎండాకాలం అడుగంటేవి. సముద్రం అనేది మా వైపుకు చచ్చి, ఎండి, మూటల్లో మాత్రమే వచ్చేది. గడప గడపకూ తిరిగే దాసరి చేతిలో శంఖం, అవ్వ పచ్చీసు ఆడే గవ్వలు, పసరుమందుల అంగట్లో తెల్లగా, పలకలా దొరికే సముద్రపు నురుగు, ఆపైన వారం సంతలో గోనెపట్టాల మీద పోసి అమ్మే కరువాడు. ఎండు చేపల్ని మా వైపు కరువాడు అంటారు. చిన్నాయన సంతకు పోయి కూరగాయలు కొనకుండా ఆ గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుని, నెత్తళ్ళను, ఎండు రొయ్యలను ఒక్కొక్కటే ఏరుతుంటే, అమ్మే ఆమె ఇది కూరకా, పెండ్లిచూపులకా అని నవ్వేది.

ఆయన పనిచేసే తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. పొద్దున ఎనిమిది గంటలకు తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేది. కిటికీ కింద బల్ల మీద గళ్ళ కాగితం పరిచి, దాని మీద ఒక ఎండు రొయ్యను నిలబెట్టేవాడు. రొయ్యను చూసేవాడు కాదు, దాని నీడను చూసేవాడు. ఎండ జరిగేకొద్దీ నీడ సాగేది, వంగేది, మీసాలు కాగితం దాటి పోయేవి. ఒక క్షణం ఆయనకు కావలసిన వంపు పడేది. అప్పుడు పెన్సిలు ఆనించి ఒక్క గీతలో చుట్టూ తిప్పేవాడు. ఆ కాస్తసేపు ఇంట్లో ఎవరూ కిటికీకి అడ్డం పోకూడదు. ఆ రొయ్యలను వేపాకు, కర్పూరం వేసిన రేకు డబ్బాలో పెట్టి పశువుల కొట్టంలో దాచేవాడు. పట్టు ఉన్న ఇంట్లో కరువాడు ఉండకూడదని అవ్వ కట్టడి. పట్టు కంపును పీల్చుకుంటుంది, ఉతికినా పోదు. డబ్బా ఎంత గట్టిగా మూసినా సందులోని పిల్లులన్నీ మా ఇంటి చుట్టే తిరిగేవి. ఒక గండుపిల్లి అయితే మగ్గం గుంత పక్కనే కూర్చుని, నేస్తున్న అంచు వైపు తదేకంగా చూసేది.

అవ్వ ఆ పిల్లిని చూపించి, "ఒరే గంగప్పా, నీ సీర కట్టుకునే ఆడది ఊళ్ళో పిల్లులన్నిట్నీ ఎంటబెట్టుకోని పోవల్లేమో" అనేది.

మా చీరలు కొనే అంగడి షావుకారుకు మొదట ఈ సంగతి తెలియదు. రొయ్య అంచు చూసి ఇది ఏదో కొత్తరకం మామిడిపిందె అనుకున్నాడు. నిజంగా అలాగే ఉండేది. ఎండి ముడుచుకున్న రొయ్య వీపు వంపు పిందె వంపే. తల దగ్గర చుక్కలాంటి కన్ను, లోపలివైపు గడ్డిపోచల్లా కాళ్ళు, పైకి లేచి వెనక్కి తిరిగిన రెండు మీసాలు. జరీలో పడేసరికి అది ఎక్కడా చూడని వస్తువైపోయేది. షావుకారు దానికి నెలవంక పిందె అని పేరు పెట్టుకుని అమ్మాడు. పెద్దమండ్యం నుంచి, చౌడేపల్లె నుంచి పెండ్లి బట్టలకు వచ్చినవాళ్ళు ఆ అంచే కావాలని అడిగేవాళ్ళు. చిన్నాయన ఆ పేరు విని నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు అది రొయ్యే. దాని మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, సరోజ పెండ్లిచీరకు మూడు నెలలు వేరే పని ముట్టుకోలేదు. చిలకపచ్చ చీర, మిరపపండు రంగు అంచు. అంచులో రొయ్యలు రెండేసి ఎదురెదురుగా, మధ్య ఒక గవ్వ, కొంగు మీద దాసరి శంఖం. పెండ్లయి కుప్పం పోయాక సరోజ మొదటి పండగకు వచ్చి, వాళ్ళ అత్త ఆ అంచును కళ్ళకు అద్దుకున్న సంగతి చెప్పింది. ఆవిడ మాంసం ముట్టదు. "మాయత్త రొయ్యలకు మొక్కతాండాది నాయనా, నేను నవ్వు ఆపుకోలేక సచ్చినాను" అని చెబుతూ మళ్ళీ నవ్వింది. చిన్నాయన నవ్వగా నేను చూసిన గట్టి నవ్వు అదే.

ఆ ఏడే నాకు సర్వే శాఖలో ఉద్యోగం వచ్చి పుంగనూరులో పనిలో చేరాను. కొత్త ఉద్యోగం, కొత్త టేపు. చూడనిది నమ్మకూడదు, కొలవనిది రాయకూడదు అని పైఅధికారి రోజూ చెప్పేవాడు. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు చిన్నాయన బల్ల దగ్గర నిలబడి ఆ చదువంతా ఆయన మీద వెళ్ళగక్కేవాణ్ణి. సముద్రం చూడకుండా సముద్రపు జీవాలను గీస్తే కొలత తప్పదా అని అడిగాను. ఒకసారి పోయి చూసి వస్తే పని ఇంకా గొప్పగా ఉంటుందని చెప్పాను. ఆయనకు పెద్దగా ఇష్టం లేదు.

"యాలప్పా నరసప్పా, నాకు ఈడనే బాగుండాది" అన్నాడు. "ఎండలో నీడ పడతాండాది, గీస్తాండాను. దానికి సముద్రం దాకా యాల పోవల్ల?"

నేను వదల్లేదు. ఆయనకు మంచి చేస్తున్నాననే నమ్మాను. ఆరు నెలల పాటు బస్సుల వేళలు, రైళ్ళ వేళలు కనుక్కుని డైరీలో వేసుకున్నాను. చివరికి ఆయన సరే అన్నది సముద్రం కోసం కాదు, దారిలో కుప్పంలో దిగి కూతుర్ని చూడొచ్చని. పుంగనూరులో నేను బస్సు ఎక్కేసరికి ఆయన కిటికీ పక్కన నాకు చోటు పట్టి కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డసంచి, అందులో గళ్ళ కాగితాలు, చెక్కిన పెన్సిళ్ళు. రాత్రికి సరోజ ఇంట్లో ఉండి, మరునాడు రైలెక్కి మద్రాసుకు పోయాం.

సముద్రాన్ని చూసి ఆయన ఏమంటాడో అని నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మన పెద్ద చెరువు నిండితే ఇట్నే ఉంటాది అన్నాడు. ఒడ్డున వలలు దులుపుతున్న చోటికి నేనే తీసుకెళ్ళాను. ఒక ముసలామె సముద్రపు నీళ్ళు పోసిన వెడల్పాటి బేసినులో రొయ్యలు వేసుకుని కూర్చుని ఉంది. అవి ఇంకా బతికే ఉన్నాయి. చిన్నాయన గొంతుక్కూర్చున్నాడు, సంతలో కూర్చున్నట్టే. గాజులాగా లోపలిదంతా కనబడే ఒళ్ళు, కింద ఈకల్లా ఆడుతున్న కాళ్ళు, ముందుకు చాచిన మీసాలు. నీళ్ళలో అవి గీత గీసినట్టు నేరుగా పోతున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు. కుప్పం వైపు తిరిగిన మనిషి కాబట్టి వచ్చీరాని అరవంలో ఆమెను ఒక మాట అడిగాడు, ఇవి వంగేది ఎప్పుడు అని. ఆమె నవ్వి, చచ్చినాక అని చెప్పింది.

ఆయన లేవలేదు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇది నేరుగా ఉండాది గదప్పా."

మళ్ళీ బేసినులోకి చూసి, "అయితే నేను ఇన్నేండ్లూ గీసింది పీనుగుల్ని. పెండ్లికూతుర్లకు పీనుగుల్ని కట్టబెట్టినాను. నా బిడ్డక్కూడా" అన్నాడు.

అప్పుడు నేను చెప్పవలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఆయన గీసింది రొయ్యనూ కాదు, పీనుగునూ కాదు. కిటికీలో ఎండ, ఆ నీడ, ఆయన చెయ్యి కలిసి చేసిన ఇంకొక జీవం అది. ఆ జీవం మద్రాసులో లేదు, మా ఇంట్లోనే ఉంది. ఈ మాట నాకు తట్టడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఆ పూట నేను, చూశావు కదా చిన్నాయనా, ఇక సరిగ్గా గీయొచ్చు అన్నాను. జేబులోంచి టేపు తీసి, ముసలామెను అడిగి ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని కొలిచాను. అది నా చేతిలో ఎగిరెగిరి పడింది. నాలుగున్నర అంగుళాలు. తిరుగు రైల్లో ఆయన నుదుటికి తువ్వాలు కట్టుకుని పడుకున్నాడు.

కుప్పంలో దిగినప్పుడు ఆయన సరోజను ఆ పెండ్లిచీర తిరిగి ఇచ్చెయ్యమని అడిగాడు. దానికి బదులు మంచి చీర ఇంకోటి నేయించి పంపుతానన్నాడు. ఎందుకో తెలుసుకుని ఆమె మొదట నవ్వింది, తర్వాత ఆయన ముఖం చూసి నవ్వు మానింది. కానీ చీర ఇవ్వలేదు.

"ఇది నాది నాయనా. నేనియ్యను" అంది. "పీనుగులైతే కానీలే. నేను పీనుగైన నాడు నా మీదనే కప్పుదురు గానీ."

మదనపల్లె చేరిన మరునాడు చిన్నాయన జకార్డు పెట్టె మీది రొయ్య అట్టలను దించి, కుట్టిన దారాలు కత్తెరతో తెంపాడు. గళ్ళ కాగితాలన్నీ కట్టగట్టి, అట్టలతో పాటు తెచ్చి కాగు పొయ్యి దగ్గర పడేశాడు. అవ్వ చూసింది. కరువాడు ఇంట్లోంచి పోవాలని అన్నేళ్ళు అరిచిన మనిషి, పోయే రోజున ఒక్క మాట అనలేదు. ఆయనే ఒక్కో అట్ట పొయ్యిలోకి తోశాడు. రంధ్రాల్లోంచి మంట చిన్నచిన్న చుక్కలుగా వచ్చేది. నేను వాకిట్లో పళ్ళు తోముకుంటూ నిలబడి ఉన్నాను. రెండు అడుగులు వేస్తే ఆయన చెయ్యి పట్టుకోగలిగేవాణ్ణి. కొత్తవి సరిగ్గా గీస్తాడు కదా, తప్పువి ఎందుకు అని నా లోపల అనిపించిందని ఒప్పుకోవాలి. ఆ రోజు డైరీ కూడా ఇప్పుడు తీసి చూశాను. 'స్నానానికి నీళ్ళు బాగా కాగాయి' అని రాసి ఉంది.

ఆ తర్వాత ఆయన రెండేళ్ళు నేరు రొయ్యను గీయడానికి తిప్పలు పడ్డాడు. అంచు వెడల్పులో నేరు రొయ్య ఇమడదు. ఇమిడ్చితే గీత. మీసాలు పెడితే గీతకు చీలిక. షావుకారు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, ఏమప్పా గంగప్పా, చీరకు మేకులు కొడతాండావే అన్నాడట. అంగట్లో నలుగురూ నవ్వారట. ఆ మాట ఇంటికి వచ్చి చిన్నాయనే చెప్పాడు, కోపం లేకుండా. మళ్ళీ ఎండు రొయ్యను నిలబెట్టి చూశాడు కానీ, నీడ వైపు చూడలేకపోయాడు. కన్ను రొయ్య మీదికే పోతాండాదప్పా అన్నాడు. రేకు డబ్బా కొట్టంలోనే తుప్పు పట్టింది, పిల్లులు రావడం మానేశాయి. ఆయన మామిడిపిందెలకు మళ్ళాడు. పోయేదాకా అవే గీశాడు. మామూలు పిందెలు, ఎవరైనా గీయగలిగినవి. వాటిలో మాత్రం అక్కడక్కడా ఒక రంధ్రం తప్పు పడేది.

ఇప్పుడు ఆ సందులో గుంత మగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బొమ్మలు కంప్యూటరులో తయారవుతాయి. మనవడి వయసు పిల్లలు తెర మీద మామిడిపిందెను లాగి, అతికించి, పది నిమిషాల్లో చీర చూపిస్తారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. కావాలంటే రొయ్యనైనా వేసి పెడతామంటారు. ఏ రొయ్య అని వాళ్ళకు చూపించడానికే నా దగ్గర ఏమీ లేదు. అమ్ముడుపోయిన నెలవంక పిందె చీరలు ఏ ఇళ్ళలో చిరిగిపోయాయో ఎవరికీ తెలియదు. మిగిలింది సరోజ చీర ఒక్కటే. ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు కుప్పం పోయానో డైరీలు చూస్తే తెలుస్తుంది. ఒక్కసారైనా ఆ చీర తీయించి, ఆ అంచును గళ్ళ కాగితం మీదికి ఎక్కించుకుందామని తోచలేదు. ఊరి పొలాలన్నిటికీ హద్దులు గీసిన చెయ్యి నాది.

మొన్న నేను వెళ్ళేసరికి సరోజను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. ఆ చిలకపచ్చ చీర మెడ దాకా కప్పి ఉంది. పచ్చ వెలిసింది కానీ అంచులో జరీ నల్లబడలేదు. పాదాల దగ్గర రొయ్యలు రెండేసి ఎదురెదురుగా, మధ్య గవ్వ, నాకు గుర్తున్నదానికన్నా చిన్నవిగా. నేను పాదాల దగ్గరే కూర్చున్నాను. ఆమె కొడుకు మురళి నా పక్కకు వచ్చాడు. అమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది కాబట్టి కప్పామని, ఈ అంచు సంగతి అమ్మ నోట విన్నానని చెప్పాడు.

"నీకు కావల్లంటే సెప్పు మామా. ఈ కొన కొంచెం కత్తిరించి ఇస్తాను. అమ్మ ఏమీ అనుకోదు" అన్నాడు మెల్లగా.

నా సంచిలో టేపు ఉంది, నోటుబుక్కు ఉంది. జానెడు ముక్క చాలు. జానెడు ముక్క ఉంటే గళ్ళు లెక్కపెట్టుకుని అట్టలు కొట్టించవచ్చు, చిన్నాయన రొయ్య మళ్ళీ లేస్తుంది. కత్తెర తెమ్మని చెప్పబోయాను. ఆయన మగ్గం ముందు నిలబడి దారాలు తెంపిన కత్తెర చప్పుడు చెవిలో పడింది. మొదటిసారి ఆయన పనిలో నేను వేలు పెట్టినప్పుడు కూడా మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పైగా అది ఆమె చీర. కన్నతండ్రి అడిగితేనే ఇవ్వలేదు.

"వద్దప్పా. ఆ యమ్మది ఆ యమ్మకు పోనీ" అన్నాను.

మురళి ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాడు. ఇంటికి వచ్చాక నా ఫోనుకు పంపాడు. అన్నిట్లోనూ బంతిపూల దండలే, వాటి సందుల్లో అక్కడక్కడా జరీ మెరుపు. రొయ్య ఒక్కటి కూడా పూర్తిగా పడలేదు. మా వాళ్ళలో పూడ్చడమే ఆచారం. చీరతోనే గుంతలోకి దించారు. తర్వాత ఇద్దరు మనుషులు ఉప్పు మూట విప్పి పాదాల నుంచి తల దాకా పోశారు. ఒళ్ళు తొందరగా మట్టిలో కలవాలని మా వైపు అలా పోస్తారు. రాళ్ళుప్పు అంచు మీద పడుతుంటే జరీ మీద గలగలమని చిన్న చప్పుడు వచ్చింది. సముద్రం మా వైపుకు వచ్చే తీరే అది. గుంత పక్కన నిలబడి నేను కూడా ఒక గుప్పెడు వేశాను.

మదనపల్లెలో ఇప్పుడు మా వీధి మలుపులోనే బండి మీద ఐసుపెట్టెల్లో పచ్చి రొయ్యలు వస్తాయి. ఎవరూ వింతగా చూడరు. నేను మాత్రం సంతకు పోయి ఎండు రొయ్యలు ఒక పొట్లం కట్టించుకుని వచ్చాను. ఈ పొద్దు ఎనిమిది గంటలకు తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, గళ్ళ కాగితం పరిచి, ఒక రొయ్యను నిలబెట్టాను. ఎండ పడింది, నీడ పడింది. నీడ చుట్టూ పెన్సిలు తిప్పాను. చెయ్యి వణకలేదు, గీత ఎక్కడా తప్పలేదు. కాగితం మీద ఒక ఎండు రొయ్య ఉంది, అంతే. ఇంకో వంపు కోసం చూశాను, ఎండ బల్ల దాటి గోడ మీదికి పోయేదాకా చూశాను. తర్వాత డైరీ తెరిచాను. ఏం రాయాలో తెలియలేదు. రొయ్యను కొలిచి, అంగుళం పావు అని రాశాను.